అడుగు వరస

ఒక్కో పట్టిక రాయడానికి మూడు రోజులు పడుతుంది. మొదటి రోజు పైనున్న పేర్లు, రెండో రోజు నడుమ వరసలు, మూడో రోజు అడుగు వరస. పై పేర్లు బొటనవేలంత లావు అక్షరాల్లో ఉండాలి. దిగుతున్నకొద్దీ అక్షరం సన్నబడుతూ, అడుగుకి చేరేసరికి వెంట్రుకంత అవుతుంది. ఆ వరస రాసేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. ఊపిరి వదిలితే కుంచె కదులుతుంది. కుంచె కదిలితే ఒకరి పేరు ఇంకొకరి పేరైపోతుంది.

టెన్నిస్ సమాఖ్యలో ఆడవాళ్ళ పట్టిక రాసే ఆయన్ని అందరూ రాతయ్యగారు అంటారు. అంతకుముందు ఆయన అంపైరు. ఎత్తు కుర్చీలో కూర్చుని బంతి ఇటు పడిందా అటు పడిందా అని చూసీ చూసీ కళ్ళు అరిగిపోయాక, చేతిరాత బాగుందని ఈ గదిలోకి పంపారు. బంతుల డబ్బాలు పెట్టే గది పక్కన చిన్న గది, ఒక బల్ల, ఒక కిటికీ. పదకొండేళ్ళు. ఒక్క తప్పు రాయలేదు. ఆ మాట ఎవరైనా మెచ్చుకుంటూ అంటే ఆయనకి మెడ నొప్పి గుర్తొస్తుంది.

పూర్వం ఆటగాళ్ళ స్థానాలు కంప్యూటరు తేల్చేది. పాయింట్లు కలిసేవి కొన్ని, రాలిపోయేవి కొన్ని, ఎందుకు కలిశాయో ఎందుకు రాలాయో ఆడేవాళ్ళకే తెలిసేది కాదు. పెద్దలు విసిగిపోయి సుమో కుస్తీవాళ్ళ పద్ధతి తెచ్చి టెన్నిస్‌కి తగిలించారు. పోటీకి పదిహేను ఆటలు. ఎనిమిది గెలిస్తే పైకి, ఎనిమిది ఓడితే కిందికి. అడుగు వరసవాళ్ళకి మాత్రం ఏడే ఆటలు, రోజు విడిచి రోజు, నాలుగు గెలిస్తే పైకి. లెక్క ఇంతే. అందరికంటే పైన ఒక బిరుదు ఉంది, దాని పేరు శిఖరం. అది అందుకున్నవాళ్ళని కిందికి దించరు. ఎంత ఓడినా దించరు. ఆ బిరుదుకి తగ్గట్టు ఆడలేమని తోచినప్పుడు వాళ్ళంతట వాళ్ళే ఆట మానుకోవాలి. మానుకునే రోజున సభ పెట్టి, వాళ్ళ రాకెట్ తీగల్ని పెద్దలు ఒక్కొక్కరే వచ్చి ఒక్కొక్కటి కత్తిరిస్తారు. చూసేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. ఫొటోలు బాగా వస్తాయి.

ఇప్పుడు ఆ శిఖరం మీదున్న మనిషి రాతయ్యగారి మేనకోడలు. అక్క కూతురు. కోర్టులకి దగ్గరని తొమ్మిదేళ్ళప్పుడు వీళ్ళింటికి వచ్చి ఇక్కడే పెరిగింది. కాళ్ళు సన్నగా ఉండి గెంతుతూ నడిచేదని ఆయన "పిచ్చుక" అన్నాడు, ఆ పేరు ఉండిపోయింది. పిచ్చుకకి ఇప్పుడు ముప్పై ఆరు. కుడి మోకాలికి రెండు సార్లు కోత పడింది. మూడు పోటీలు మధ్యలో వదిలేసింది. నాలుగోదాన్ని చివరిదాకా ఆడి, అయిదు గెలిచి పది ఓడింది. ఇంకెవరైనా అయితే పది వరసలు దిగేవాళ్ళు. పిచ్చుక పేరు మాత్రం బొటనవేలంత లావుగా అక్కడే ఉంది.

కొత్త పట్టిక మొదలెట్టే ముందు రోజు పొద్దున్న పిచ్చుక మామయ్య ఇంటికి వచ్చింది. వంటింట్లో కుర్చీలో కూర్చుని ఇంకో కుర్చీ మీద కాలు చాపింది. అత్తయ్య మంచుముక్కల సంచి తెచ్చి మోకాలి మీద పెట్టింది.

"సమాఖ్య నుంచి ఉత్తరం వచ్చింది మామయ్యా. చాలా మర్యాదగా రాశారు. చదువుతుంటే నేను పోయినట్టే అనిపించింది."

"ఛ, అవేం మాటలే!" అంది అత్తయ్య.

"నిజం అత్తయ్యా. 'మీ సేవలు చిరస్మరణీయం' అట. తీగలు కోసే సభకి తేదీ కూడా వాళ్ళే వేశారు. చివరి తీగ మామయ్య కొయ్యాలట."

రాతయ్యగారు గ్లాసు కింద పెట్టాడు. ఆయనకి ఆ సంగతి ముందే తెలుసు. అడిగితే సరేనన్నాడు కూడా. చెప్పలేకపోయాడు.

"నీకేమనిపిస్తోంది?"

"డాక్టరేమన్నాడో చెప్పనా? రోజూ ఆడితే కాలు పోతుందిట. రోజు విడిచి రోజు ఆడితే ఇంకో రెండు మూడేళ్ళు లాగించొచ్చుట. రోజు విడిచి రోజు ఆడేది ఎవరు మామయ్యా?"

"అడుగు వరసవాళ్ళు."

"మరి నన్ను అక్కడ వెయ్యమను. అదే అడిగాను. వాళ్ళు నా మొహం చూసిన తీరు! నేనేదో బట్టలు లేకుండా వీధిలోకి వస్తానన్నట్టు చూశారు."

అత్తయ్య నవ్వి, నవ్వినందుకు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అక్కడికెళ్ళి ఆ చిన్నపిల్లల చేతిలో ఓడిపోతే నీకు బాగుంటుందా?" అన్నాడు రాతయ్యగారు.

"ఇప్పుడు గెలుస్తున్నానా ఏంటి? పైన ఓడిపోతే అంతా తల దించుకుంటున్నారు మామయ్యా. చప్పట్లు కొట్టాలో వద్దో తెలీక చేతులు కట్టుకుంటున్నారు. అడుగున ఓడిపోతే 'అయ్యో పాపం' అనుకుని ఇంటికెళ్ళి భోంచేస్తారు. నాకది చాలు. నాకు ఆడాలనుంది. గెలవాలని కూడా కాదు. పొద్దున్నే లేచి బూట్ల లేసులు కట్టుకోవాలనుంది." ఆమె మంచు సంచి అటూ ఇటూ సర్దుకుంది. "వేరే ఊళ్ళో ఆడదామంటే, పట్టికలో ఉన్నవాళ్ళు బయట ఆడకూడదాయె. మానేస్తే ఎక్కడా ఆడకూడదు. మీరు పైన రాస్తే కూర్చోవాలి, తీసేస్తే వెళ్ళిపోవాలి. దిగడానికి మెట్లే పెట్టలేదు మీవాళ్ళు."

"నావాళ్ళేంటి? నేను రాసేవాణ్ణి."

"అదే అంటున్నా. రాసేవాడివి నువ్వేగా" అని నవ్వింది. కాలు దించి, టేబుల్ పట్టుకుని లేచింది. లేవడానికి ఎంతసేపు పట్టిందో మామయ్య చూశాడు.

ఆ రోజంతా ఆయన్ని ఆ మాట వదల్లేదు.

మర్నాడు గదిలోకి వెళ్ళి, ఎప్పటిలా కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకుని, కుంచె తడిపాడు. సమాఖ్య పెద్దల సంఘం నిర్ణయించిన జాబితా కవరులో ఉంది. డెబ్భై రెండు పేర్లు. రాస్తున్న పట్టికని ఆయన తప్ప ఎవరూ చూడకూడదు. రాసి, ముద్ర వేసి, నాలుగో రోజు పొద్దున్న ఏడింటికి బయట బోర్డులో పెట్టి అద్దం తాళం వేసేదాకా అధ్యక్షురాలు కూడా చూడదు. రాసినవాడే ముద్ర వెయ్యాలి, అది పద్ధతి. జాబితాలో మొదటి పేరు పిచ్చుకదే.

పై చోటు వదిలేసి రెండో పేరు నుంచి మొదలెట్టాడు. చెయ్యి కుదుటపడ్డాక రాద్దామనుకున్నాడు.

రెండో రోజూ ఆ చోటు తెల్లగానే ఉంది. మణికట్టు లాగుతోంది. కిటికీలోంచి బంతుల చప్పుడు వినిపిస్తోంది. ఆయన మనసులో దేవుడితో మాట్లాడుకున్నాడు. ఆయనకది అలవాటే, గట్టిగా ఏమీ అడగడు, నెమ్మదిగా సందేహం చెప్పుకుంటాడు. స్వామీ, అవసరం వచ్చినప్పుడల్లా నువ్వే కిందికి దిగి వచ్చావని చిన్నప్పటినుంచి వింటున్నాను. దిగినందుకు నిన్ను ఎవరూ తక్కువ చెయ్యలేదు. ఈ పిల్ల దిగుతానంటే తప్పెందుకయింది? జవాబేమీ రాలేదు. ఎప్పుడూ రాదు. ఆయన దాన్ని లోటుగా అనుకోడు.

మూడో రోజు అడుగు వరస. పద్దెనిమిదేళ్ళ కింద పిచ్చుక పేరు మొదటిసారి ఇక్కడే పడింది. అప్పుడు ఆయన ఇంకా అంపైరు, రాసింది ఆయనకి రాత నేర్పిన గురువుగారు. పిచ్చుక భూతద్దం తీసుకొచ్చి బోర్డు అద్దానికి ఆనించి, పేరు దొరకగానే "ఉన్నా! ఉన్నా!" అని అరిచింది. తర్వాత శిఖరమైన రోజున కూడా అంత గట్టిగా అరవలేదు.

ఆ గురువుగారే ఒకసారి ఒక పేరు రెండు వరసలు పైన రాసేశారు. అద్దం మూశాక గానీ ఎవరూ గమనించలేదు. సంఘం కూర్చుని తేల్చింది: ముద్ర పడ్డాక రాసింది రాసినట్టే, అక్కడినుంచే ఆడాలి, ఆ తర్వాత గెలుపోటములే పైకో కిందికో తీసుకెళ్తాయి. గురువుగారిని ఎవరూ ఏమీ అనలేదు. ఆయనే కుంచె కడిగి సొరుగులో పెట్టి ఇంటికెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. అప్పటినుంచీ తప్పు రాసినవాడు కుంచె వదిలెయ్యడం కూడా పద్ధతైపోయింది.

రాతయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అడుగు వరసలో పేర్లన్నీ రాశాడు. చివర, అంచు పక్కన, ఒక పేరు పట్టేంత చోటు మిగిలింది. ఎప్పుడూ మిగులుతుంది. అబద్ధం చెప్పనని పెళ్ళిలో భార్యకి మాటిచ్చాడు, దేవుడికీ ఇచ్చాడు. రాస్తే అబద్ధమవుతుందా? రాయకపోతే నిజమవుతుందా? ఆలోచిస్తూ చాలాసేపు కూర్చున్నాడు. తల నొప్పి వచ్చింది. చివరికి ఊపిరి బిగబట్టి, వెంట్రుకంత అక్షరాలతో పిచ్చుక పేరు అక్కడ రాశాడు. అంత చక్కగా ఆయన ఎన్నడూ రాయలేదు. పైన ఖాళీ ఖాళీగానే ఉంది. ముద్ర వేశాడు.

నాలుగో రోజు ఏడింటికి పట్టిక బోర్డులో పెట్టి అద్దం తాళం వేశాడు. ఏడుంపావుకి కార్యదర్శి పరుగున వచ్చాడు. ఏడున్నరకి అధ్యక్షురాలు కారు దిగింది. ఆమె కూడా ఒకప్పుడు శిఖరమే. ముప్పై ఒకటో ఏట తీగలు కోయించుకుంది. ఆ ఫొటో ఆఫీసు గోడ మీద ఉంది, అందులో ఆమె ఏడవడం లేదు, నవ్వడమూ లేదు.

"ఏంటండీ ఇది?" అన్నాడు కార్యదర్శి. "పైనుండాల్సిన పేరు అడుగునెలా పడింది?"

"చెయ్యి అలిసిపోయిందండి" అన్నాడు రాతయ్యగారు. అందులో అబద్ధం లేదు.

"చెయ్యి అలిసిపోతే అక్షరం వంకర పోతుంది! పేరు డెబ్భై పేర్లు దాటి కిందికి జారుతుందా? మేడ మీదనుంచి పడ్డా అంత దూరం పడదు కదండీ!" ఆయన అధ్యక్షురాలి వైపు తిరిగాడు. "కావాలని రాశాడండీ. స్వయానా మేనమామ!"

అధ్యక్షురాలు హ్యాండ్‌బ్యాగులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, వంగి, అడుగు వరస చివరి పేరు చదివింది. వంగడానికి ఒక చెయ్యి మోకాలి మీద వేసుకుంది. లేవడానికి కూడా.

"రాతయ్యగారూ. ఇది తప్పేనా?"

"రాసింది నేనేనండి. తప్పు ఉంటే అది నాదే. ఇంకెవరికీ తెలీదు, ఆ పిల్లకి కూడా."

"చూశారా, ఉంటే అంటున్నాడు!" అన్నాడు కార్యదర్శి.

"విన్నాను లెండి." ఆమె అద్దం కేసి చూస్తూనే ఉంది. "కావాలని రాశాడని తేలిస్తే ఈ పట్టిక చెల్లదు. డెబ్భై ఒక్కమంది ఇళ్ళల్లో కూర్చోవాలి. తప్పనుకుంటే చెల్లుతుంది." కార్యదర్శి వైపు తిరిగింది. "అడుగు వరసవాళ్ళకి ఏడు ఆటలేగా?"

"ఏడే. కానీ..."

"ఏ కోర్టులో ఆడతారు?"

"తొమ్మిదో నంబరు. వెనక, నీళ్ళ ట్యాంకు పక్కన. మీరు శిఖరమయ్యాక ఎప్పుడూ అటు రాలేదు."

"లేదు" అంది ఆమె. "నన్నెవరూ రానివ్వలేదు." కళ్ళద్దాలు తీసి బ్యాగులో పెట్టుకుంది. "ముద్ర పడింది. రాసింది రాసినట్టే. సభకి అద్దెకి తెచ్చిన కుర్చీలు వెనక్కి పంపించండి."

రాతయ్యగారు గదిలోకి వెళ్ళి కుంచె కడిగాడు. నల్లటి నీళ్ళు తెల్లబడేదాకా కడిగి, గుడ్డతో తుడిచి, సొరుగులో పెట్టాడు. ముద్ర, తాళం చెవి కార్యదర్శి చేతికిచ్చాడు. కార్యదర్శికి కోపం తగ్గలేదు గానీ గుమ్మందాకా వచ్చాడు. "కొత్తవాడికి అడుగు వరస ఎలా రాయాలో ఎవరు చెప్తారండీ?" అన్నాడు. "ఊపిరి బిగబట్టమనండి" అన్నాడు రాతయ్యగారు.

తొమ్మిదింటికే ఇంటికొచ్చిన భర్తని చూసి అత్తయ్య చేతిలో పని ఆపింది. "ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. కుంచె వదిలేశాను."

ఆమె వేడినీళ్ళ గిన్నె తెచ్చి ముందు పెట్టింది. ఆయన మణికట్టు అందులో ముంచాడు. ఎందుకని ఆమె అడగలేదు. మధ్యాహ్నం పిచ్చుక ఫోన్ చేసినప్పుడు ఆమెకి అంతా తెలిసింది. ఫోన్లో చాలాసేపు ఏడుపు వినిపించింది, తర్వాత తిట్లు, తర్వాత, "అత్తయ్యా, నా పాత భూతద్దం ఎక్కడుందో చూడవా?"

మొదటి ఆట తొమ్మిదో నంబరు కోర్టులో పొద్దున్న ఎనిమిదింటికి. చూడ్డానికి పదిహేడు మంది వచ్చారు. అవతల ఆడే పిల్ల పంతొమ్మిదేళ్ళది, శిఖరంతో ఆడుతున్నానన్న బెదురుతో మొదటి రెండు గేములూ వదిలేసింది. తర్వాత బెదురు పోయింది. పిచ్చుక కుడివైపు బంతిని అందుకోలేకపోతోంది. ఒక తేలిక బంతిని వలలోకి కొట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని, "ఓసి ముసలిదానా!" అని తనని తానే తిట్టుకుంది. చూసేవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. రెండు సెట్లూ ఓడిపోయింది.

చివరి మెట్టు మీద, కారుతున్న ట్యాంకు నీడలో, రాతయ్యగారు ఫ్లాస్కు పట్టుకుని కూర్చున్నాడు. ఆయనకి కొంచెం అవతల అధ్యక్షురాలు ఒక్కతే కూర్చుంది. ఆట అయ్యేదాకా లేవలేదు.

పిచ్చుక కుంటుతూ వచ్చి మామయ్య పక్కన కూలబడింది. మోకాలి మీద మంచు సంచి పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఒకటయింది" అంది. "ఇంకా ఆరు."

"మళ్ళీ ఎప్పుడు?"

"ఎల్లుండి పొద్దున్నే. నువ్వు రానక్కర్లేదులే మామయ్యా, నీకు పని ఉంటుంది."

"ఏం పని?" అని ఆయన ఫ్లాస్కు మూత తిప్పాడు. మణికట్టు సహకరించలేదు. పిచ్చుక కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపి, దాన్ని తీసుకుని, మూత తిప్పి ఇచ్చింది.