ఎక్కడికి అని అడగని ఇల్లు

తాళం వేసిన మాట నిజమే, లాగి చూసిందా లేదా అన్నదే తేలడం లేదు, లాగినట్టే చేతికి గుర్తుంది కానీ చేతుల గుర్తు నమ్మడానికి లేదు, అవి అన్ని రోజుల పనీ కలిపి గుర్తు పెట్టుకుంటాయి, నిన్న లాగిన తాళాన్ని ఇవాళ లాగినట్టు చెప్తాయి, రెంటచింతలలో బస్సెక్కిన దగ్గర్నుంచి మాచర్లలో దిగేదాకా శౌరమ్మ ఇదే తలపోస్తూ వచ్చింది, ఇప్పుడీ నెట్ సెంటర్‌లో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాక కూడా అదే, ఇంట్లో ఎవరూ లేరు, కోడలు పద్మజ పొద్దున్నే మిరపకాయల కల్లానికి పోయింది, కొడుకు అంతోని నాపరాళ్ల లోడేసుకుని లారీ మీద పోయాడు, మనుషులు తలా ఒక దిక్కుకు పోయాక ఇల్లు నోరు తెరుచుకుని ఉన్నట్టు అనిపిస్తుంది ఆమెకు, ఎండ చూస్తే ఇంకా ఉగాది రాకముందే రోహిణి కార్తెలా ఉంది, గోడ మీద ఫ్యాను తల అటూ ఇటూ తిప్పుతోంది గానీ ఈమె దాకా వచ్చేలోపే మనసు మార్చుకుని వెనక్కి పోతోంది, గోడల నిండా కాగితాలు, ఆధార్ సవరణలు చేయబడును, పాన్ కార్డు, అర్జెంటు ఫోటోలు, అరువు లేదు, కళ్లు వాటంతటవే చదువుకుంటూ పోతున్నాయి, అక్షరం కనిపిస్తే చదవకుండా ఉండలేదు శౌరమ్మ, బడి గుమ్మం తొక్కిన మనిషి కాదు, చిన్నప్పుడే ఫాదర్‌గారి గుడిలో జపాలన్నీ నోటికొచ్చేశాయి, పెళ్లయ్యాక ఒకనాడు జపాల పుస్తకం తెరిచి నోరు పరలోక జపం చెప్పుకుంటుంటే వేలు ఒక్కో అక్షరం మీద పెట్టుకుంటూ పోయింది, నోటికి తెలిసినదాన్ని కంటికి నేర్పుకుంది, అట్లా నేర్చిన చదువు ఇవాళ్టికీ బజ్జీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా వదలదు, నూనె మరక కింద ఏముందో ఎత్తి వెలుతురుకు పట్టి చూస్తుంది.

మనవరాలు కుసుమ మాత్రం దేన్నీ చదవడం లేదు, కంప్యూటర్ పక్కన నిలబడి చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది, ఇంటర్ రెండో ఏడు పరీక్షలు ముగింపుకొచ్చాయి, ఇంతవరకూ ఏ కాలేజీకీ అప్లికేషన్ పెట్టలేదన్న సంగతి నిన్న సాయంత్రం బయటపడింది, కల్లంలో కాయలు ఏరుతూ ఏరుతూ ఎవరో కూలామె మా అమ్మాయిది అయిపోయింది, మీ అమ్మాయిది ఏమయిందమ్మా అని పద్మజను అడిగిందట, పద్మజ ఇంటికొచ్చి ఏమే, నీదేమయిందే అంటే ఏం కాలేదు అంది పిల్ల, రేపే ఆఖరు అని అన్నాలయ్యాక చెప్పింది, అందుకే ఈ పరుగు, నెట్ సెంటర్ నడిపే బ్రహ్మాజీ కూడా అదే అన్నాడు, ఏందమ్మాయ్, అందరూ చలికాలంలోనే చేసుకుపోయారు, నువ్వేంది బస్సు కదిలాక పరిగెత్తుకొస్తావు, సాయంత్రానికి మూసేస్తారు తెలుసా, మీ సార్లు చెప్పలేదా, చెప్పారన్నా, మరి అన్నాడు, కుసుమ చున్నీ ఇంకో చుట్టు చుట్టుకుంది, ఇదిగో మామ్మా, పిల్ల ఆధార్‌లో నీ ఫోనే ఉంది, నంబరొస్తది చెప్పు అన్నాడతను, అంతోని సిమ్ములు మారుస్తూ ఉంటాడు కాబట్టి ఆ ఇంట్లో నిలకడ గల నంబరు శౌరమ్మదొక్కటే, ఫోను సంచిలో కుయ్యిమంది, బ్యాంకులో ఆయన ఎవరికీ చెప్పొద్దన్నాడు బాబూ అంది, మంచిమాటే గానీ ఇక్కడ చెప్పకపోతే పని జరగదు మామ్మా, శౌరమ్మ కుసుమను దగ్గరికి రమ్మని ఆ అంకెలన్నీ చెవిలో గుసగుసగా చెప్పింది, కుసుమ అవి పైకి చెప్పింది, బ్రహ్మాజీ కొడుతూ నవ్వాడు, నా దగ్గర దాచి నా చేతే కొట్టిస్తివి గదా, గట్టిదానివే.

ఆ నవ్వు పెదాల మీద ఉండగానే అతను కుసుమ వైపు తిరిగి ఊఁ చెప్పు, ఎక్కడికి పెట్టమంటావు అన్నాడు, శౌరమ్మ చెయ్యి సంచిలోని నీళ్ల సీసా మీదికి పోయింది, అదేం మాట బాబూ, బయల్దేరే పిల్లను పట్టుకుని ఎక్కడికి అంటావా అంది, నేను గాదు మామ్మా, కంప్యూటర్ అడుగుతోంది, ఏ ఊరు, ఏ కాలేజీ, ఏ చదువు, అది అడగందే ముందుకు పోదు, కావాలంటే దానికి నీళ్లు తాపించు, కుసుమకు నవ్వొచ్చినట్టే వచ్చి ఆగిపోయింది, తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది, అందరూ ఆఖరి రోజునే పడితే ఇంతే, నే టీ తాగొస్తా, ఈలోపు ఇద్దరూ ఒక మాటనుకోండి, ఊరు పేరు చెప్పకపోతే నాకు తోచింది కొట్టేస్తా, మళ్లా నన్ననొద్దు, అని చెప్పులేసుకుని పోయాడు, అతను మెట్లు దిగుతుంటే ఎంతసేపురా అని కూడా అడగలేదు శౌరమ్మ, అడగదు, అది ఆమె ఇంటి పద్ధతి.

లోకంలో అందరికీ ఉన్న పద్ధతే, బయటికి పోయేవాళ్లను ఎక్కడికి అనకూడదు, అంటే వెనక్కి వచ్చి కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి పోవాలి, ఇంకో ఇంట్లో నోరు జారతారు, నాలుక కరుచుకుంటారు, మరిచిపోతారు, శౌరమ్మ ఇంట్లో మాత్రం అది వంగని ఇనప కడ్డీ, ఆమె తమ్ముడు ఇన్నయ్య వెళ్లి తిరిగి రానప్పట్నుంచీ ఆమె ఉన్న ఏ గడపలోనూ ఆ మాట వినపడలేదు, ఇవన్నీ మూఢనమ్మకాలమ్మా అని ఫాదర్‌గారు గుడిలో గట్టిగానే చెప్పారు, ఆ ఫాదర్‌గారే ఒకనాడు మోటార్‌సైకిల్ ఎక్కుతుంటే కొత్త వంటామె ఎక్కడికి ఫాదర్ అనేసింది, ఆయన దిగి, వరండాలో కూర్చుని, గ్లాసుడు నీళ్లు తాగి మరీ పోయారు, ఊరంతా చూసింది, అంతోని లారీ ఎక్కుతుంటే జాగ్రత్త నాయనా అంటారంతే, ఏ ఊరు పోతున్నాడో పద్మజకు కూడా తెలియదు, దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చాక బట్టలు ఉతికేటప్పుడు మట్టి ఎర్రగా ఉందా నల్లగా ఉందా అని చూసి అనుకోవడమే, తిరిగొచ్చిన ప్రతిసారీ శౌరమ్మ తన పద్ధతి గొప్పేననుకుంది, మరి ఆయన, ఆమె పెనిమిటి బాలస్వామి, గుంటూరు ఆస్పత్రికి ఆటోలో ఎక్కించినప్పుడు ఎవరూ ఆ మాట అనలేదే, ఎంత జాగ్రత్తగా నోళ్లు కట్టుకున్నారు, అయినా ఆయన రాలేదు, అప్పుడు మాత్రం అది దేవుడి పనిలే అనుకుంది, ఎందుకలా అనుకుందో ఇప్పుడు, ఈ ఫ్యాను కింద, మొదటిసారి వింతగా తోచింది.

చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది, కుసుమ దాన్నే చూస్తోంది, ఈ పిల్ల ఇన్నాళ్లూ ఏ కాలేజీ ఊసూ ఎత్తకపోతే శౌరమ్మ లోలోపల ఎంత సంతోషపడిందో ఎవరికీ తెలియదు, పోవడం ఇష్టం లేదు దీనికి, నన్ను వదిలి ఉండలేదు, అనుకుని మరియమ్మ తల్లి ముందు కొవ్వొత్తి కూడా వెలిగించింది, ఎప్పుడన్నా అంతోని ఏదో ఒకటి పెట్టుకో తల్లీ అనేవాడు, పద్మజ నీ ఇష్టమే అనేది, ఏదో ఒకటి, నీ ఇష్టం, అంతకుమించి ఎవరూ అడుగు ముందుకేసే ఇల్లు కాదది, ఇప్పుడు ఈ పిల్ల మొహం చూస్తే ఉండలేనిదాని మొహంలా లేదు, శౌరమ్మకు ఉన్నట్టుండి ఈ ఏడాది పొద్దుటి పూటలన్నీ కళ్ల ముందుకొచ్చాయి, కుసుమ బ్యాగు వేసుకుని, చెప్పులు తొడుక్కుని, పోయొస్తా నాయనమ్మా అనేది, అని వెంటనే కదిలేది కాదు, గడప అవతల ఒక్క క్షణం నిలబడి వెనక్కి చూసేది, ఎంత ప్రేమ నా బంగారుతల్లికి అనుకుని శౌరమ్మ చెయ్యి ఊపేది, పిల్ల ఇంకొంచెం చూసి, తల దించుకుని పోయేది, అది ప్రేమేనా, ప్రేమ కాదని కాదు, కానీ మాట కోసం నిలబడే మనిషి అలాగే కదా నిలబడుతుంది, అడుగుతారేమోనని, ఈ ఇంట్లో ఒక్కరన్నా అడుగుతారేమోనని, అడగకుండా తనంతట తాను చెప్పుకుంటే పోతానని పట్టుబట్టినట్టు ఉంటుందని, ఈ ముసలిదాని గుండె ఆగిపోతుందని, తేదీలు ఒక్కొక్కటీ దాటిపోతుంటే నోరు మూసుకుని, అమ్మో, ఏడాది పొడుగునా.

అడగబోతే ఏళ్ల తరబడి తీయని తలుపు చెక్క ఉబ్బిపోయి ఉన్నట్టు నాలుక కదల్లేదు, వీధిలో బస్సు హారన్ కొడుతోంది, ఫోటోలు దిగడానికి ఎవరో కుర్రాడు తల దువ్వుకుంటున్నాడు, ఎక్కడికే, అంది శౌరమ్మ, తన గొంతు తనకే వినపడనంత మెల్లగా, కుసుమ తిరిగింది, ఏంది నాయనమ్మా, ఎక్కడికే పోదామనుకుంటున్నావు నువ్వు అంది మళ్లా, కుసుమ కళ్లు పెద్దవయ్యాయి, నువ్వేనా అడిగేది అంది, నేనేలే, చెప్పు, ఆ పిల్ల స్టూలు పక్కనే గొంతుక్కూర్చుంది, ముత్తుకూరు అంది, నెల్లూరవతల, సముద్రం పక్కన, అక్కడ చేపల చదువు ఉంది, చేపలు తినడానికి గూడా చదువుండాలా ఏందే, తినడానికి గాదు నాయనమ్మా, నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు ఎండాకాలం మన చెరువులో చేపలన్నీ తెల్లగా తేలినయ్యి గదా, అందరూ గోతాలకెత్తుకున్నారు, ఎందుకు చచ్చినయ్యి అని ఎవరినడిగినా ఎండకి అన్నారు, ఎండ ప్రతేడూ ఉండేదే గదా, అప్పట్నుంచి నాకు అదే, నీళ్లలో ఏముంటది, వాటికి ఊపిరెట్లా ఆడుద్ది, ఎవరూ చెప్పలా, ఇక పిల్ల ఆగడం లేదు, హాస్టల్లో కూరలు కారం ఉండవట, మా సీనియరక్క చెప్పింది, శౌరమ్మ వింటోంది, పద్దెనిమిదేళ్లుగా తన ఒళ్లో, తన పక్కలో పెరిగిన పిల్ల నోట ఇన్ని మాటలు ఒక్కసారిగా ఎప్పుడూ వినలేదు, అది ఎటుందే అని అడిగింది, కుసుమ ఒక్క క్షణం ఆలోచించి చెయ్యెత్తి పాన్ కార్డు కాగితం అంటించిన గోడ వైపు చూపించింది, అటు, దక్షిణంగా, శౌరమ్మ స్టూలు మీద అటు తిరిగి చూసింది, గోడే ఉంది, అయినా చూపు గోడ దగ్గర ఆగలేదు, గోడ వెనక రోడ్డు, రోడ్డు వెంబడి ఊళ్లు, ఎక్కడో ఒకచోట ఉప్పునీళ్ల అంచున ఈ పిల్ల చున్నీ వేలికి చుట్టుకుంటూ నిలబడి ఉన్నట్టు అంత దూరం నుంచీ కనిపించింది, చిత్రంగా గుండె అదిరిపోలేదు, అప్పుడు గుర్తుకొచ్చాడు ఇన్నయ్య, ఆనాటి పొద్దున చేతిసంచి పట్టుకుని పుట్టింటి వాకిట్లో, ఎక్కడికిరా అని ఈమే అడిగింది, వాడు ఆగి, నవ్వి, చెప్పడానికి నోరు తెరిచాడు, ఇంతలో అమ్మ వంటింట్లోంచి అరిచింది, ఒసేవ్, బయల్దేరేవాణ్ని ఎక్కడికంటావా, నీ నోట్లో మన్నుబడ, రా నాయనా కూర్చో, నీళ్లు తాగు, వాడు కూర్చున్నాడు, తాగాడు, లేచి పోయాడు, అందరూ ఆ ప్రశ్ననే తిట్టుకుంటూ ఉండిపోయారు, జవాబు వాడి నోట్లోనే ఉండిపోయిన సంగతి ఎవరికీ పట్టలేదు, ఆమెకూ పట్టలేదు, మనుషులు పోతూనే ఉంటారు, రానివాళ్లూ ఉంటారు, కానీ ఇన్నేళ్లూ రాత్రి జపంలో వాడి పేరు రాగానే మనసు నాలుగు దిక్కులకూ చెదిరిపోయి ఎక్కడా ఆనకుండా తిరిగేది, తమ్ముడు పోయినందుకని అనుకుంది, కాదు, వాడి వైపు తిరగడానికి ఒక దిక్కు లేనందుకు, మెట్ల మీద బ్రహ్మాజీ చెప్పుల చప్పుడు, ఏం మామ్మా, తేలిందా ఊరు, ముత్తుకూరు కొట్టు బాబూ అంది శౌరమ్మ, ఇంకా ఆ గోడ వైపే చూస్తూ, ఎటు చూడాలో తెలిశాక ఎదురుచూడడం ఎంత తేలికో ఈ వయసులో తెలిసింది.