బంతిపూల దండ వెనక

నేను ఒక కారు ఇంజన్ని. పోలినాయుడి టాక్సీని లాగినంతకాలం అతని ఇంట్లో పొయ్యి నా వల్లే వెలిగింది. ఇప్పుడు అనకాపల్లిలో, మెకానిక్ జోగులు షెడ్డులో ఓ మూల పడి ఉన్నాను.

నా పనేమిటో నా వెనక కూర్చుని తిరిగినవాళ్లెవరూ అడగలేదు. గాలిని, కాస్త పెట్రోలును లోపలికి పీలుస్తాను. పిస్టన్ పైకి లేచి ఆ రెంటినీ ఊపిరాడకుండా నొక్కుతుంది. అప్పుడొక నిప్పురవ్వ. భగ్గుమన్న మంట పిస్టన్‌ను కిందికి తన్నుతుంది. ఆ తన్నుకే క్రాంకు తిరుగుతుంది, చక్రాలు కదులుతాయి. పొగను బయటికి నెట్టి మళ్లీ మొదలు. మీరు కునుకు తీసే ప్రయాణమంతా నా కడుపులో మంటలే. అందులో చాలా భాగం చక్రాలకు చేరదు, నన్నే కాలుస్తుంది. ఆ వేడిని నీళ్లు మోసుకుపోయి, బండి ముందున్న రేడియేటరులో గాలికి చల్లారి తిరిగొస్తాయి. ఆ గాలి ఒక్కటి చాలు నాకు.

పోయిన దసరాకి పోలినాయుడు నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, బండి ముందు జాలీ కనబడకుండా లావాటి బంతిపూల దండలు వరసగా చుట్టాడు. మర్నాడు వాటితోనే అరకు బయల్దేరాడు. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే గాలి ఆ పూల దగ్గరే ఆగిపోయింది. నీళ్లు మరిగాయి. వేడి చూపే సూది ఎర్రగీత దాటింది.

"దిష్టి తగిలేసినాది బాబూ! నిన్న ఈదిలో అందరి కళ్లూ మన బండి మీదే," అన్నాడు పోలినాయుడు.

"అయితే కొబ్బరికాయ కొట్టేసి రా నాయుడూ," అన్నాడు వెనక సీట్లోని పెద్దమనిషి. ఆయన కాలేజీలో ఇంజన్ల పాఠం చెబుతాడట.

బండి ఆపి పోలినాయుడు ముందుకొచ్చాడు. అతని చెయ్యి పూల మీద పడింది. తీసేస్తాడనుకున్నాను, నిజంగా ఆశపడ్డాను. అతను వాటిని సర్ది, రోడ్డు పక్క గుడి దగ్గర కొన్న ఇంకో దండ పైన కట్టాడు. కాయ కొట్టాడు. నేను చల్లారేదాకా ఆగలేదు.

రెండు మలుపులు దాటాక పిస్టన్ నా లోపలి గోడకు పట్టేసింది. అంతే, నా పని అయిపోయింది.

పోలినాయుడు చెడ్డవాడు కాదు. నన్ను బండిలోంచి దించుతుంటే వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకు ఒళ్లు మండేది అందుకే. ప్రేమగా చంపినవాణ్ని తిట్టుకోవడానికి కూడా నోరు రాదు.

ఇవాళ మళ్లీ దసరా. నా చోట కొత్త ఇంజను పెట్టుకుని ఆ బండి షెడ్డుకొచ్చింది. ముందు భాగమంతా పూలే, పోయినసారి కన్నా రెట్టింపు.

"ఇన్ని దండలేటి నాయుడూ?" అన్నాడు జోగులు.

"అప్పుడు పూజ తక్కువైపోనాది మావా. అందుకే అంత పని జరిగినాది."

మిగిలిన పూలు నా మీద చల్లి, కళ్లకద్దుకుని వెళ్లాడు. కొత్త ఇంజను హుషారుగా మోగుతోంది. దానికి ఒక్కమాట చెప్పాలని ఉంది, నాలో ఊపిరి లేదు.

రేపు దానికి అరకు కిరాయి ఉందట.