పనిలేని వాళ్ల సింహాసనం

నేను ఒక కుర్చీని. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీని. రంగు ఎరుపు. ఎండకి వెలిసిపోయి ఇప్పుడు ఉడికిన రొయ్యలా ఉన్నానని గిట్టనివాళ్లు అంటారు, అననివ్వండి. సింహాసనాలన్నీ బంగారంతోనే పోయాలని ఎవరూ శాసనం చెయ్యలేదు. నా మీద ఒక మహారాణి కూర్చుంది. ఆ కథ చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. నాకు నాలుగు కాళ్లున్నా ఎక్కడికీ పోను కదా, మీకేం తొందర?

పాత సామాన్లు కరిగించి కొత్త సామాన్లు పోసే కార్ఖానాలో పుట్టాను. నా ఒంట్లో బకెట్లున్నాయి, మగ్గులున్నాయి, ఎవరింట్లోనో పిల్లవాడు విరగ్గొట్టిన క్రికెట్ బ్యాటు కూడా ఉంది. అచ్చులోంచి తీసినప్పుడు నేనెంత వేడిగా ఉన్నానంటే, గేటు దగ్గర టీ కాచేవాడు గిన్నె తెచ్చి నా మీద పెట్టి రెండు విడతలు మరగబెట్టుకున్నాడు. నమ్మకపోతే మానెయ్యండి, టీ మాత్రం బాగుందన్నారు.

అక్కణ్ణించి షామియానాల దుకాణానికి చేరాను. పెళ్లిళ్లు, సంతాప సభలు, ఎన్నికల మీటింగులు, అన్నీ చూశాను. ఒక మీటింగులో ఒక నాయకుడు నా మీదనుంచి లేవనంటే లేవనని మొండికేశాడు. చివరికి నాతో సహా ఎత్తి ఆయన్ని జీపులో పెట్టారు. ఆ తిరుగుళ్లలో నేను తెలుసుకున్నది ఒక్కటే. నేల మీద ఉన్నప్పుడు మనిషికి ఒక గొంతుంటుంది, నా మీదికి ఎక్కాక ఇంకో గొంతు వస్తుంది. ఎదురుగా నిలబడ్డవాడి గొంతు కూడా దాన్నిబట్టే మారిపోతుంది. ఇది ఏ బడిలోనూ చెప్పరు.

ఒక పెళ్లిలో భోజనాల దగ్గర తోపులాట జరిగి నా వెనక కాలు చిట్లింది. దుకాణదారు బయట పారేశాడు. సింహాచలం అనే మేస్త్రి చూసి, చిట్లిన కాలికి ఇనుప తీగ చుట్టి, హైదరాబాదు శివార్లలో తన కూలీలుండే రేకుల షెడ్ల దగ్గరికి తీసుకెళ్లాడు.

అక్కడ ఆకాశాన్ని గీకే అపార్టుమెంట్లు లేస్తున్నాయి. వాటి కాళ్ల దగ్గర వరసగా రేకుల షెడ్లు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు కొందరు, సరిహద్దు దాటి గంజాం నుంచి వచ్చిన ఒడియావాళ్లు కొందరు. పొద్దున్నే పడుచువాళ్లంతా పైఅంతస్తుల్లోకి ఎక్కిపోతే, కింద ముసలివాళ్లూ పిల్లలూ మిగిలేవాళ్లు. అంతమందికీ నేనొక్కణ్ణే కుర్చీని. ఎవరైనా పెద్దమనిషి వస్తే చీరకొంగుతో నన్ను తుడిచి వేసేవాళ్లు. మిగతా వేళల్లో నా మీద వాళ్లు కూర్చోగా నేను చూడలేదు, తడి బట్టలు ఆరేసేవాళ్లు.

ఆ కింది లోకానికి పెద్ద దాలమ్మ. ఆమదాలవలస దగ్గర ఊరు. చిన్న మనిషి, పెద్ద నోరు. ఆమె కొడుకూ కోడలూ పదో అంతస్తులో ఇటుకలు మోస్తుంటే, మనవరాలు లాస్య దాలమ్మ కొంగు పట్టుకుని తిరిగేది. ఆ పిల్ల పేరు దాలమ్మకి నచ్చదు. "లాస్యేటి, గీస్యేటి, మా గుంట!" అనేది. గుంటంటే వాళ్ల వైపు చిన్నపిల్ల.

ఒకరోజు నవత వచ్చింది. యూనివర్సిటీలో సోషల్ వర్క్ చదివి, వలస కుటుంబాల మీద, వాటిలోని ముసలివాళ్ల మీద పరిశోధన చేస్తోంది. మంచి పిల్ల, కళ్లలో దయ ఉంది. వచ్చీ రాగానే నేల మీద కూర్చోబోయింది. "అయ్యయ్యో, మట్టి!" అని అంతా గోల చేసి నన్ను తెచ్చి వేశారు. వద్దంటే నొచ్చుకుంటారని పాపం కూర్చుంది. అక్కడే పడింది తప్పటడుగు. ఆ పిల్ల కూర్చుంది నా మీద. వాళ్లు జవాబు చెప్పిందీ నాకే, ఆ పిల్లకి కాదు.

"మీరేం పని చేస్తారమ్మా?" అని దాలమ్మని అడిగింది.

"ముసిల్దాన్ని, నాకు పనేటమ్మా? ఊరికే కూకుంటాను."

ఆ మాట అంటున్నప్పుడు దాలమ్మ ఒక చేత్తో ఉయ్యాల ఊపుతోంది, ఇంకో చేత్తో బియ్యంలో రాళ్లేరుతోంది, కాలు చాపి పాకే పిల్లవాణ్ణి పొయ్యివైపు పోకుండా ఆపుతోంది. నవత చూపు కాగితం మీద ఉంది. 'పని లేదు' అని రాసుకుంది. నాకు నోరుంటే అరిచేవాణ్ణి.

పక్కన దండపాణి అనే ఒడియా ముసలాయన ఉన్నాడు. నీళ్ల ట్యాంకరు వస్తే గొట్టం పట్టుకుని ప్రతి షెడ్డుకీ నీళ్లు చేర్చేది ఆయనే, చంటివాళ్లని కథలతో నిద్రపుచ్చేదీ ఆయనే. "నాకూ పని లేదు" అన్నాడు నవ్వుతూ. సాయంత్రం దిగి వచ్చిన తల్లుల్ని నవత అడిగింది. "మీ పిల్లల్ని ఎవరు చూసుకుంటారు?"

"ఎవలు సూస్తారమ్మా? ఆటి పాటికి అయ్యే పెరుగుతాయి," అన్నారు వాళ్లు. మా మనుషులు పెద్దమనుషుల ముందు అలాగే మాట్లాడతారు. ఉన్న గొప్ప చెప్పుకోవడం సిగ్గు. కూలి ఇస్తేనే పని అని వాళ్ల లెక్క.

నవత రాసింది ఆ పరిశోధన చేయిస్తున్న సంక్షేమ శాఖవాళ్ల పై ఆఫీసుకి వెళ్లింది. అక్కడివాళ్లు చెడ్డవాళ్లు కారు, చదివి నిజంగానే నొచ్చుకున్నారు. పనీపాటా లేని ముసలివాళ్లు ఒకపక్క, చూసే దిక్కులేని పిల్లలు ఒకపక్క. అయ్యో పాపం అనుకుని, ముసలివాళ్లని ఊరవతల వృద్ధాశ్రమానికీ పిల్లల్ని ఇంకోవైపు హాస్టలుకీ పంపాలని తీర్మానించారు. రెండూ ఒకే వాకిట్లో ఉన్నాయన్న సంగతి ఎవరికీ తట్టలేదు. అపార్టుమెంట్లు కట్టే కంపెనీ కూడా సరేనంది. సోమవారం బస్సు వస్తుంది. ఒప్పుకోని కుటుంబాలకి షెడ్లో చోటుండదు.

సింహాచలం మేస్త్రి ఆ కబురు చెప్పినప్పుడు దాలమ్మ చేతిలో చేట జారిపోయింది. ఎప్పుడూ తిట్టే నోరు మూతపడిపోయింది. లాస్యని దగ్గరకు లాక్కుని, "నాను నేకపోతే దీనికి జొరమొస్తే ఎవలికి తెలుస్తాది?" అంది, అంతే.

విని నవత పరుగున వచ్చింది. మళ్లీ నన్ను తుడిచి వేశారు. ఈసారి దాలమ్మ నోరు తెరుచుకుంది.

"రామ్మా రా! కూకో! ఏటి రాసీసినావు మా మీద? నాకూ నా గుంటకీ మధ్యన బస్సు ఎట్టీసినావు!"

"పని లేదని మీరే అన్నారమ్మా..."

"నువ్వడిగినావు, నాను సెప్పినాను! కుర్చీలో కూకున్న మనిషి ముందు నా గొప్పలు సెప్పుకుంటానేటి?"

నవత నా వైపు చూసింది, దాలమ్మ వైపు చూసింది. వచ్చి నేల మీద చతికిలబడింది. "ఈసారి మీరు కూర్చోండి దాలమ్మా. నేను కింద కూర్చుని వింటాను."

"సీ, నాను కూకోడమేటి!"

"కూర్చోండి."

దాలమ్మ నా మీద మొదటిసారి కూర్చుంది. ముందు అంచు మీద, కోడిపిల్ల గంప అంచు మీద నిలబడ్డట్టు. తర్వాత కాస్త వెనక్కి జరిగింది. తర్వాత చేతులు నా చేతుల మీద ఆనించింది. అప్పుడు మారింది ఆ గొంతు! ఏ పిల్లకి ఏ పాలు పడవో, ఎవరి దగ్గు ఎలా ఉంటుందో, ఎవరు సున్నం తింటారో, పొయ్యి ఎప్పుడు రాజెయ్యాలో, పైనుంచి దిగిన కోడళ్లు తిండి తిని పడుకోవాలంటే కింద ఎంతమంది ముసలి చేతులు కదలాలో ఏకధాటిగా చెప్పింది. మధ్యలో ఎవరి పిల్లనో తీసి నవత ఒళ్లో పడేసింది. ఆ పిల్ల నవత బట్టలు తడిపేసింది. పరిశోధన అప్పుడు మొదలైంది.

"నేను అడిగిన తీరే తప్పు," అంది నవత. "మొత్తం మళ్లీ రాస్తాను. కానీ సోమవారం లోపల పై ఆఫీసులో ఎవరూ చదవరమ్మా."

దాలమ్మ కళ్లలో ఒక కొంటె మెరుపు. "పని నేదని రాసినావు కదేటి? అదే నిజం సేద్దుం. సోమారం పొద్దున్న మేం ఏ పనీ సెయ్యం. కూకుంటాం."

సోమవారం తెల్లారింది. దాలమ్మ వాకిట్లో నన్ను వేసుకుని కూర్చుంది. పక్కన రంగు డబ్బా మీద దండపాణి, ఇటుకల మీద ఇంకొందరు, బోర్లించిన బకెట్ల మీద ఇంకొందరు. అందరూ చేతులు కట్టుకుని, కొత్త పెళ్లికూతుళ్లలా బుద్ధిగా. పిల్లలు కళ్లెదురుగానే ఉన్నారు, ఎవరికీ ప్రమాదం లేదు. కానీ కడిగేవాళ్లు లేరు, తినిపించేవాళ్లు లేరు, ఊపేవాళ్లు లేరు.

ట్యాంకరు వచ్చింది. గొట్టం పట్టేవాళ్లు లేక డ్రైవరు హారన్ మోగించి మోగించి అలిసిపోయాడు. పొయ్యిలు రాజుకోలేదు. ఒక చంటిది ఏడుపు మొదలుపెట్టింది, దాన్ని చూసి ఇంకోటి, ఆ తర్వాత అన్నీ. ఆ ఏడుపుకి పై అంతస్తుల్లో తడి గోడలు పగుళ్లిచ్చాయని నేనంటాను, మీరు కాదంటే మీ ఇష్టం. తల్లులు మాత్రం విన్నారు. ఒకామె తట్ట దించి కిందికి వచ్చింది. వెనకాలే ఇంకొకామె. ఆ తర్వాత మెట్ల నిండా ఆడవాళ్లే. ఇటుకలందించే చేతులు లేక తాపీలు ఆగాయి. కాంక్రీటు మిషను ఖాళీగా కాసేపు తిరిగి అదీ ఆగింది.

సింహాచలం పరుగెత్తుకొచ్చాడు. "ఓలమ్మో దాలమ్మత్తా! స్లాబు సగంలో ఆగిపోనాది! లెగండే!"

"మేమెందుకు బాబూ, పని నేనోళ్లం," అంది దాలమ్మ.

పైకి అలా అంది గానీ, నా చేతుల్ని ఆమె ఎంత గట్టిగా పట్టుకుందో నాకు తెలుసు. ప్రతి ఏడుపుకీ ఆ మనిషి ఒళ్లు లేవబోయేది, మళ్లీ కూలబడేది. లాస్య వచ్చి కొంగు లాగింది. దాలమ్మ అటూ ఇటూ చూసి, పిల్లని ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. "గుంట కూకున్నా కూకోడమే కదేటి," అని దండపాణికి సంజాయిషీ ఇచ్చింది. ఆయన గంభీరంగా తలూపి, తానూ ఒకణ్ణి తొడ మీద కూర్చోబెట్టుకున్నాడు.

అప్పుడే బస్సు వచ్చింది. దాని ముందు వచ్చిన కారులోంచి వసుంధర మేడం దిగింది. పై ఆఫీసులో ఆవిడదే పెద్ద మాట. ఆ గోలలోకి వచ్చి, అలవాటుగా కుర్చీ కోసం చూసింది.

"దాలమ్మత్తా, లెగు! మేడంగారికి కుర్చీ ఇయ్యి!" అన్నాడు సింహాచలం పళ్లు బిగించి.

వాకిలంతా దాలమ్మ వైపే చూసింది. పిల్లలు కూడా ఏడుపు ఆపారు. నా జన్మలో పెద్దమనిషి వచ్చినప్పుడు లేవని మనిషిని నేను చూడలేదు. దాలమ్మ లాస్యని ఇంకా దగ్గరికి హత్తుకుంది. నేను చిట్లిన కాలిని కూడా బిగించి నిలబడ్డాను.

దాలమ్మ లేవలేదు.

నవత ముందుకొచ్చింది. "మేడం, ఇలా చాప మీదికి రండి. తప్పు నాది. పని లేదని రాశాను. ఇదిగో, ఒక్క పూట నిజంగా పని లేకపోతే ఏమవుతుందో చూడండి."

మేడం ఆగిన మిషన్ని చూసింది, మెట్ల మీది తల్లుల్ని చూసింది. చెప్పులు విప్పి చాప మీద కూర్చుంది. ఇంకేముంది, ఎవరో ముక్కు కారే పిల్లవాణ్ణి తెచ్చి ఒళ్లో పెట్టేశారు. దాలమ్మ పైనుంచి వంగి అడిగింది.

"మీకు పిల్లలున్నారా అమ్మా?"

"ఇద్దరు."

"మీరు ఆఫీసుకెల్తే ఎవలు పెంచినారు?"

"మా అత్తగారు."

"ఆయమ్మ ఏటి పని సేసీవోరు?"

"ఆవిడా? ఏముంది, ఇంట్లో ఖాళీగానే..." అని మేడం ఆగిపోయింది. ఆ తర్వాత నవ్వింది చూడండి, ఒళ్లోని పిల్లవాడు ఉలిక్కిపడి తానూ నవ్వాడు. వెనక్కి తిరిగి, "డ్రైవరూ, బండి తిప్పుకో. ఇక్కణ్ణించి ఎవరూ రావడం లేదు," అంది.

అప్పుడు లేచింది అరుపు! పై అంతస్తుల్లోంచి మగవాళ్లు తట్టలు వాయించారు. దండపాణి రంగు డబ్బా బోర్లించి దరువు వేశాడు. దాలమ్మ మాత్రం ఒక్క గెంతులో నా మీదనుంచి దూకింది. "లెగండే, సంటిపిల్లలకి ఆకలి!" అని అరిచింది. అంత పొడుగు సమ్మె ముగిశాక గొట్టం పట్టడానికి ముసలాళ్లు ఎగబడిన తీరు చూస్తే, ఏదో జాతరలో ప్రసాదం పంచుతున్నారనుకుంటారు.

నవత తన పరిశోధన మొదటినుంచీ మళ్లీ రాసింది. ఇప్పుడు ఎక్కడికెళ్లినా 'ఏం పని చేస్తారు' అని అడగదట. పొద్దున్నే వెళ్లి సాయంత్రం దాకా వాళ్ల వెంటే తిరుగుతుందట. ఆఫీసువాళ్లు ఒత్తిడి తెచ్చి కంపెనీ చేత వాకిట్లో చల్లటి పాక వేయించారు. పిల్లలకి పాలు వచ్చాయి. ముసలివాళ్లకి పిల్లల సంరక్షకులని పేరొచ్చింది, నెల జీతం వచ్చింది. జీతం అందుకున్న మొదటి రోజు దాలమ్మ కోడలితో అంది. "ఇన్నాళ్లూ ఊరికే కూకున్నానే, అయినా ఇచ్చినారు!"

ఈమధ్య ఆ అపార్టుమెంటు పూర్తయింది. షెడ్లు విప్పారు. సామాన్లూ, రేకులూ, ముసలివాళ్లూ, పిల్లలూ అంతా ఒకే లారీ ఎక్కారు. ఎవరినీ దించలేదు, ఎవరినీ వదల్లేదు. మధ్యలో నన్ను వేసి, నా మీద దాలమ్మ, ఆమె ఒళ్లో లాస్య. నగరం నడిబొడ్డునుంచి వెళ్తుంటే సిగ్నల్ దగ్గర ఆగిన కార్లవాళ్లంతా తలెత్తి చూశారు. అంబారీ మీద ఊరేగడం ఎలా ఉంటుందో ఏనుగుని అడగక్కర్లేదు, నన్నడగండి.

కొత్త సైటులో లారీ ఆగింది. అందరికంటే ముందు నన్ను దించారు. టోపీ పెట్టుకున్న కుర్ర ఇంజనీరు చెమట తుడుచుకుంటూ వచ్చి నా మీద కూర్చోబోయాడు. దాలమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది.

"ఆగు బాబూ. గుంటలకి పాక ఎక్కడేస్తారో ముందు సూపించు. తరవాత కూకుందువు గాని."

ఆ అబ్బాయి నిలబడే చూపించాడు.