తప్పుల పుస్తకం

మా ఆసుపత్రి మందుల గదిలో ఒక పుస్తకం ఉంటుంది. ఎవరి చేతిలో పొరపాటు జరిగినా, రోగి దాకా వెళ్ళకముందే దొరికినా సరే, తేదీ వేసి అందులో రాయాలి. ఆ పుస్తకాన్ని మొదలుపెట్టింది మేమంతా పెద్దక్క అని పిలిచే ఆవిడే. ముప్పై ఏళ్ళుగా మందులు కలుపుతున్న మనిషి. నేను చేరిన కొత్తలో, ఆమె నింపిన సిరంజిని చూడకుండానే, సరిచూశానని పెట్టాల్సిన రెండో సంతకం పెట్టేశాను. "నమ్మడానికి నేనేమన్నా మీ అమ్మనా? సీసా చూడు, అంకె చూడు, అప్పుడు పెట్టు సంతకం!" అని అందరి ముందూ దులిపేసింది. అయితే మా అమ్మ మంచాన పడ్డప్పుడు నెలరోజులు నా పని కూడా తనే చేసింది. ఆమె అంటే నాకు ప్రాణం.

ఈ ఏడాది పెద్దక్క సీసాలను ముక్కు దాకా తెచ్చుకొని చదవడం మొదలుపెట్టింది. పిల్లల గుండె మందు, పెద్దల గుండె మందు ఒకే సైజు సీసాల్లో వస్తాయి. మూత రంగు కూడా ఒకటే. ఈ సీసాలు చేయించిన మహానుభావుణ్ణి ఒక్కరోజు నాకు అప్పగిస్తే బాగుండు. తేడా అంతా చీటీ మీది చిన్న అంకెలోనే. పెద్దల మందు పది రెట్లు ఘాటు. ఒకరోజు పిల్లల వార్డుకు వెళ్ళాల్సిన సిరంజిని పెద్దక్క పెద్దల సీసాలోంచి నింపింది. నేను గమనించాను. ఆమె అటు తిరగగానే పారబోసి, మళ్ళీ నింపి, సంతకం పెట్టి పంపాను. ఆమెకు చెప్పలేదు, పుస్తకంలో రాయలేదు. రిటైర్మెంటుకు ఆరు నెలలుంది, నిప్పులాంటి మనిషికి ఈ మచ్చ ఎందుకనుకున్నాను. తర్వాత ఇంకో రెండుసార్లు అదే జరిగింది. అవీ కడుపులో పెట్టుకున్నాను. నిజం చెప్పొద్దూ, నా మంచితనానికి నేనే మురిసిపోయాను కూడా.

నాలుగోసారి నేను సెలవులో ఉన్నాను. రెండో సంతకం పెట్టింది చేరి మూడు వారాలైన అమ్మాయి. పెద్దక్క నింపాక చూసేదేముంది అనుకుంది. చూశావా అని పెద్దక్క అడిగితే చూశాననేసింది. ఎనిమిది నెలల పాప సాయంత్రానికి పోయింది.

విచారణ పై అంతస్తులో. బల్లకు అటు అధికారి, ఇటు మేం ముగ్గురం. నన్ను పిలిచింది మందుల గది పద్ధతులు చెప్పడానికే. నోరు మూసుకుంటే నా ఉద్యోగానికి వచ్చే ముప్పేమీ లేదు.

"మీ చేతిలో ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా జరిగిందా?" అని అధికారి పెద్దక్కను అడిగాడు.

"లేదండీ. పుస్తకం చూడండి. నింపింది నేనే, తప్పు నాదే. ఎలా జరిగిందో మాత్రం నాకే అంతుపట్టడం లేదు."

అతను పుస్తకం తిరగేసి కొత్తమ్మాయి వైపు చూశాడు. "అలమారాలోంచి సీసా తీసిచ్చింది నువ్వే కదూ?"

"కాదు సార్. ఆవిడే తీసుకున్నారు."

"ముప్పై ఏళ్ళలో లేని తప్పు, నువ్వొచ్చిన మూడు వారాలకే జరిగిందా?"

ఆ పిల్ల ఏడ్చేసింది. నేను లేచి నిలబడ్డాను.

"ఆ అమ్మాయి చెప్పేది నిజం సార్. ఇదివరకు మూడుసార్లు అక్క అదే సీసా తీసింది. నేను మార్చి పంపాను. రాయలేదు."

పెద్దక్క నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మొదటిసారి ఎప్పుడు?"

"నాలుగు నెలలైందక్కా. నువ్వు బాధపడతావని..."

"బాధపడేదాన్ని. రెండ్రోజులు నీతో మాట్లాడేదాన్ని కాదు. మూడోరోజు వెళ్ళి కళ్ళు చూపించుకునేదాన్ని కదే."

అధికారి అదంతా రాసుకొని ఇక వెళ్ళమన్నాడు. ఆ గదికి ఒకటే తలుపు. అవతల బెంచీ మీద పాప తల్లి కూర్చొని ఉంది.