పది మంది చొప్పున దాటిన వంతెన

జాతీయ దినోత్సవమైన మే పదిహేడున పిల్లల ఊరేగింపు వంతెన దాటి, అవతలి గట్టునున్న వృద్ధాశ్రమం ముందు పాడకపోతే ఎల్వ్‌మో ఊళ్ళో పండగ జరిగినట్టే కాదు. అలాంటిది, ఈసారి వంతెన మీద ఊరేగింపు కుదరదని మున్సిపాలిటీ ఇంజనీరు సిగ్నే రాసి పారేసింది. అదీ పండగ నాలుగు రోజులుందనగా! దూలాలు పుచ్చాయి. బాజాకి నాలుగు వందల మంది ఒక్కసారిగా అడుగేస్తే వంతెన ఊగి విరుగుతుందని ఆమె భయం.

"గంటసేపే కదమ్మా! సంతకం ఒక్కటి పడేస్తే నీ సొమ్మేం పోయింది?" అని మేయర్ హాల్వర్ వెంటపడ్డాడు.

"పిల్లలు పోతారు," అంది సిగ్నే కుండబద్దలు కొట్టినట్టు.

ఊరంతా గయ్యిమంది. అదంతా దులిపేసుకుంది గానీ, తండ్రి టోర్లైఫ్ కోపాన్ని మాత్రం తట్టుకోలేకపోయింది. ఒకప్పుడు ఆ దూలాలెత్తిన మేస్త్రీ ఆయనే. ఇప్పుడుండేది ఆ ఆశ్రమంలోనే. "నేను కట్టిన వంతెన పుచ్చిందంటావా? ఫో!" అన్నాడు. ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆయన ఎత్తలేదు.

సిగ్నే లెక్కలు కట్టి కట్టి మేయర్ దగ్గరికెళ్ళింది. "పదేసి మందిని దాటిస్తాను. బాజా వద్దు, కవాతు వద్దు. అడుగులు కలవకుండా నడవాలి."

"పండగపూట శవయాత్రలాగానా?"

"గట్టెక్కాక చెవులు చిల్లులు పడేలా వాయించుకోండి!"

పదిహేడున వాన. పండగ బట్టల మీద మున్సిపాలిటీ పసుపు కోటు తొడుక్కుని సిగ్నే వంతెన మొదట్లో నిలబడింది. బాజా ఆగింది. పది మంది చొప్పున దాటడానికి గంటన్నర పట్టింది. ఎంతటి అల్లరి పిడుగులైనా ఒక్కరూ పరుగెత్తలేదు, ఒక్కరూ అడుగు కలపలేదు. ఇదీ మా ఊరంటే, అనుకుంది సిగ్నే గర్వంగా.

అవతల బాజా అందుకున్నాక, అందరికంటే చివర తనూ దాటింది. వంతెన చివర చక్రాల కుర్చీలో తండ్రి తడుస్తూ కూర్చున్నాడు, పక్కన మేయర్. తిట్లకి సిద్ధపడే వెళ్ళిందామె.

టోర్లైఫ్ మేయర్ చొక్కా చెయ్యి పట్టి లాగాడు.

"నిన్న ఇద్దరి చేత వంతెన కిందికి మోయించుకుపోయి దూలంలో చాకు గుచ్చి చూశానయ్యా. పిడి దాకా దిగింది. నేనైతే నీ మొహమాటానికి సంతకం పెట్టేసేవాణ్ణి. పెట్టనిదెవరో తెలుసా?" అని బాజాని మించి అరిచాడు. "నా కూతురు!"