బల్ల మీద చెప్పులు

సముద్రం మీదికి వెళ్లేవాడు ఒడ్డున ఏం వదిలి వెళ్లాలని ఆ రేవులో ఎవరిని అడిగినా ఒకటే జవాబు: చెప్పులు. పడవల షెడ్డు ముందు పొడవాటి చెక్కబల్ల ఉంది. కయాక్‌ని నీళ్లలోకి నెట్టేముందు ప్రతివాడూ చెప్పులు విప్పి దాని మీద పెట్టాలి. తిరిగొచ్చాక తన జత తాను తొడుక్కుని పోవాలి. బల్ల ఖాళీ అయితే అందరూ వచ్చేసినట్టు. అప్పుడు కాపలా మనిషి, పడవలు నీళ్లలో ఉన్నంతసేపూ ఎగరేసి ఉంచే ఎర్రగుడ్డ దించి, షెడ్డుకు తాళం వేసి ఇంటికి పోవచ్చు. మధ్యాహ్నం పన్నెండు దాటినా ఒక్క జత మిగిలిందంటే వెతకడానికి మోటారు పడవ బయల్దేరాలి. ఉప్పునీళ్లు తాగి చచ్చిన ఫోన్లు ఎన్నో చూశాక పెట్టుకున్న పద్ధతి ఇది. చెప్పులకు చార్జింగు అయిపోదు కదా.

కయాక్ అంటే ఒక్క మనిషి కాళ్లు చాపుకుని కూర్చుని తెడ్డేసుకునే సన్నని ప్లాస్టిక్ పడవ. వానలకు ముందు రెండు నెలలు సముద్రం గోరువెచ్చగా, పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉంటుంది. పండుగప్ప చేపలు ఒడ్డుకు దగ్గరగా వచ్చేది అప్పుడే. తెల్లవారగానే పదిమంది దాకా గాలాలు పట్టుకుని బయల్దేరతారు. ఎండ ముదిరాక లేచే నేలగాలి అంటేనే అందరికీ భయం. నేల మీంచి నీళ్ల మీదికి వీచే ఆ గాలి పడవను లోలోపలికి తోసుకుపోతుంది, భుజాలు పడిపోయేలా తెడ్డేసినా వెనక్కి రానివ్వదు.

ఆ పదిమందిలో కొంగ ఒకడు. పొడుగు కాళ్లు, పొడుగు మెడ, గంటసేపు కదలకుండా కూర్చునే ఓపిక. ఆ పేరు పెట్టినవాడికి దండ వేయాలి. చేసేది కరెంటు పని. అక్క ఇంటి వెనక గదిలో ఒంటికాయ సొంఠికొమ్ములా బతుకుతున్నాడు.

ఈ ఏడు రేవు కాపలా అక్కది. పట్టుబట్టి అడిగి తీసుకుంది. ఎందుకో ఊరందరికీ తెలుసు. పోయినేడు ఇదే కాలంలో ఆమె భర్త నేలగాలిలో పోయాడు. ఆయన దర్జీ. కయాక్ దొరికింది, మనిషి దొరకలేదు. బల్ల మీద ఆయన చెప్పులు లేవు కాబట్టి సాయంత్రం దాకా ఎవరూ వెతకలేదు. చెప్పులేమో ఇంటి గుమ్మం పక్కనే ఉన్నాయి. వట్టికాళ్లతో పోయాడు, కట్టుబాటు తప్పాడు, అనుభవించాడు అంది ఊరు.

"తొడుక్కునే వెళ్లినట్టు గుర్తురా. నేనే సరిగ్గా చూళ్లేదేమో," అని అక్క ఏడాదిగా అంటూనే ఉంది. ఆ మాట వచ్చినప్పుడల్లా కొంగ తేలు కుట్టిన దొంగలా కూర్చునేవాడు.

సీజన్ మొదలైన వారానికి, కొంగ రెండు చేపలతో ఒడ్డెక్కేసరికి బల్ల ఖాళీగా ఉంది. ఎర్రగుడ్డ సగం దిగింది. తాడు అక్క చేతిలో ఉంది.

"ఏరా, ఇంకా నీళ్లలోనే ఉన్నావా?" అక్క మొహం పాలిపోయింది. "చెప్పులు లేకపోతే వచ్చేశావనుకున్నా."

"ఎవడో తొడుక్కుపోయుంటాడులే," అన్నాడు కొంగ. ఆ పడవల్లాంటి చెప్పులు పట్టే పాదాలు రేవులో ఇంకెవరికీ లేవని ఇద్దరికీ తెలుసు.

టీకొట్టు బెంచీ కింద దొరికాయి. పొందిగ్గా పక్కపక్కన పెట్టి ఉన్నాయి. నీళ్లు కారుతున్నాయి. చుట్టూ ఇసుక పొడిగా ఉంది, అడుగుజాడ ఒక్కటీ లేదు. తానెవర్నీ చూడలేదన్నాడు టీకొట్టు ఆయన.

కొంగ వాటిని తీసుకోబోయి, వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. పోయినేడు ఆ బెంచీ కింద, సరిగ్గా అక్కడే, బావ చెప్పులు పెట్టింది తనే.

చెడ్డ బుద్ధితో పెట్టలేదు. ఆ రోజు గాలి లేస్తుంటే కొంగ గబగబా ఒడ్డుకొచ్చాడు. ఇసుక మీద పసుపు కయాక్ కనిపించింది. బావదే అనుకున్నాడు. బావ మతిమరుపు మనిషి, మండే ఇసుక మీద గెంతుకుంటూ టీకి పోయుంటాడని నవ్వుకుని, తన జత తొడుక్కుని, బావ జత చేత్తో పట్టుకెళ్లాడు. టీకొట్టులో బావ లేడు. కాసేపట్లో వస్తాడులే అని బెంచీ కింద పెట్టాడు. అప్పటి కాపలా ముసలాయన ఖాళీ బల్ల చూసి గుడ్డ దించేశాడు. ఒంటిగంటకు ఎవరో వచ్చి పసుపు కయాక్‌ని భుజాన వేసుకుపోయారు. అది బావది కాదు.

అప్పుడు అరిస్తే సరిపోయేది. అరవాలంటే చెప్పులు నేనే తీశానని చెప్పాలి. బావ ఈతగాడు, వచ్చేస్తాడని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. చెప్పులు సంచిలో వేసుకొచ్చి, అక్క వంటింట్లో ఉండగా గుమ్మం పక్కన పెట్టి, వెనక గదిలో ఎవరిదో ఫ్యాన్ విప్పుకుని కూర్చున్నాడు. నాలుగు గంటలు. అయిదింటికి అక్క వచ్చి "బావేడిరా?" అంటే, "ఇంకా రాలేదా?" అన్నాడు మహానుభావుడు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాణ్ని చూసి నవ్వుతాం గానీ, అసలు పట్టుకోనివాణ్ని ఏమనాలి?

రెండోసారి కొంగ చెప్పులు ఇంటికే వచ్చాయి. బల్ల మీద లేకపోతే వట్టికాళ్లతో ఇల్లు చేరాడు. గుమ్మం పక్కన ఉన్నాయి, తడిగా. తలుపుకు తాళం వేసే ఉంది, తాళంచెవి రేవులో అక్క దగ్గరుంది. కిటికీలోంచి లోపలికి చూశాడు. ముందుగదిలో బావ కుట్టుమిషను. దాని ఇనుప పెడలు మీద రెండు తడి పాదాల అచ్చులు. చూస్తుండగానే పెడలు చిన్నగా కిందికి వంగి, పైకి లేచింది.

మూడోసారి జరిగిన రోజు వాడు సముద్రానికే వెళ్లలేదు. ఒకరింట్లో వైరింగు పని పెట్టుకున్నాడు. మధ్యాహ్నం బయటికొస్తే మెట్ల మీద విప్పిన చెప్పులు లేవు. ఎక్కడుంటాయో వాడికి అర్థమైపోయింది. కాలుగాలిన పిల్లిలా రేవు దాకా పరిగెత్తాడు. బల్ల మీదున్నాయి. మోటారు పడవ అప్పటికే నీళ్లలో తిరుగుతోంది. అక్క మోకాలి లోతులో నిలబడి గొంతు పోయేలా పిలుస్తోంది, వాణ్నే, చిన్నప్పటి ముద్దుపేరుతో.

వెనక్కి తిరిగి వాణ్ని చూసింది. వచ్చి చెంప ఛెళ్లుమనిపించింది. తర్వాత గట్టిగా పట్టుకుని ఏడ్చింది.

ఆ పట్టులోనే ఉండి కొంగ అంతా చెప్పేశాడు. పసుపు కయాక్, బెంచీ, సంచి, గుమ్మం, నాలుగు గంటలు. చెబుతుండగా అక్క చేతులు ఒక్కొక్కటీ వదులయ్యాయి. ఆ సాయంత్రమంతా బావ చెప్పులు ఒళ్లో పెట్టుకుని కుట్టుమిషను ముందు కూర్చుంది.

తెల్లవారగానే వచ్చి వాడి తలుపు తట్టింది.

"లే. సముద్రానికి వెళ్లు."

"అక్కా, నాకు భయంగా ఉంది."

"తెలుసు. ఆయనకేం కావాలో నాకు తెలియాలి. వెళ్లు."

కాదనే మొహం వాడికి లేదు. చెప్పులు బల్ల మీద పెట్టి, లైఫ్ జాకెట్ బిగించుకుని వెళ్లాడు. అక్క బల్ల పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది.

నీళ్లు కదలడం లేదు. చేపలు వద్దన్నా పడుతున్నాయి. పదిన్నరకే మెడ మీద వేడిగా గాలి తగిలింది. మిగతావాళ్లంతా ఒడ్డుకు మళ్లారు. కొంగ కూడా తిప్పబోయాడు గానీ, గాలపుతాడు అడుగున దేనికో చిక్కుకుంది. కోసేలోగా గాలి పడవను అడ్డంగా కొట్టి తిరగేసింది. వాడు నీళ్లలో తేలి చూసేసరికి కయాక్ అందనంత దూరం కొట్టుకుపోయింది.

అక్కణ్నుంచి ఒడ్డు స్పష్టంగా కనిపిస్తోంది. ఒక్కొక్కరే వచ్చి తమ జత తొడుక్కుని వెళ్లిపోయారు. బల్ల మీద మిగిలినవి వాడివే. ఫర్వాలేదు, అక్క ఉంది అనుకున్నాడు.

అప్పుడు నీళ్ల అంచున ఒక మనిషి లేచాడు. లేచి, ఒడ్డు మీదికి నడిచాడు. ఏళ్ల తరబడి మిషను మీదికి వంగి వంగి ఒక భుజం దిగిపోయిన నడక. ఆ నడకను కొంగ ఎంత దూరంనుంచైనా గుర్తుపడతాడు. ఆ మనిషి అక్క ముందు ఆగాడు. అక్క తలెత్తి చూసింది. లేవలేదు, అరవలేదు. ఆయన వంగి కొంగ చెప్పులు తీసుకుని, బట్టలమూటలా చంకలో పెట్టుకుని, టీకొట్టు వైపు వెళ్లిపోయాడు.

కొంగ అరిచాడు. గాలి ఆ అరుపును సముద్రం లోపలికి తీసుకుపోయింది. అక్క ఖాళీ బల్లకేసి చాలాసేపు చూసి, లేచి, ఎర్రగుడ్డ దించింది. షెడ్డుకు తాళం వేసి, వెనక్కి చూడకుండా ఇంటిదారి పట్టింది.

ఆ తర్వాత వాడికి ఒడ్డు చెయ్యెడల్పు అయింది, వేలెడల్పు అయింది. సూర్యుడు నడినెత్తికొచ్చాడు. కాళ్లకింద వెచ్చటి నీళ్లలో ఎవరో తోడుగా నిలబడ్డట్టే ఉంది గానీ, కిందికి చూసే ధైర్యం వాడికి లేకపోయింది. బావా, తప్పయిపోయింది అన్నాడు. ఎన్నిసార్లో అన్నాడు, చివరికి పెదవులే కదిలాయి.

మోటారు చప్పుడు విన్నప్పుడు కూడా నమ్మలేదు. జబ్బ పట్టుకుని పైకి లాగింది అక్కే. పడవ నడిపేవాడు ఒడ్డుకు తిప్పాడు. వాడు పడవ అడుగున పడి వణుకుతుంటే, అక్క ఎదురుగా కూర్చుని వాణ్నే చూస్తోంది. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి.

"ఇంటికి వెళ్లాను," అంది. "గుమ్మం దగ్గర నీ చెప్పులున్నాయి. పక్కన కూర్చున్నాను. నువ్వు నీళ్లలో ఉన్నావని తెలిసే కూర్చున్నాను. నువ్వెలా కూర్చున్నావో అలాగే."

"అక్కా..."

"గంట. అంతకుమించి నా వల్ల కాలేదు. ఆ రోజు నీళ్లలో ఉన్నది మీ బావరా, నిన్ను తమ్ముడిలా చూసుకున్న మనిషి. నాలుగు గంటలు ఎలా కూర్చోగలిగావురా?"