అరగని కండ

వడ్రంగి ఎరిగిన ధర్మం ఒక్కటే: వాడితే అరుగుతుంది. రంపం పళ్ళు అరుగుతాయి, ఉలి మొన అరుగుతుంది, మనిషీ అంతే. అందుకే విరిగిన తొడ ఎముక అతుక్కుని కట్టు విప్పాక, కాలికి నూనె రాసి, గుడ్డ చుట్టి, దిండు మీద పెట్టుకున్నాడు. పనిముట్టును దాచినట్టు దాచాడు. దాచినకొద్దీ అది చిక్కింది.

పెళ్ళాం పోయాక అతను ఎవరినీ నమ్మలేదు. బావమరిదిని అసలే నమ్మలేదు. అక్క చావుకు ఆలస్యంగా వచ్చి, భోజనానికి మాత్రం ముందు కూర్చున్న మనిషి. ఇప్పుడు బావ వడ్రంగి కొట్లో తిష్ఠ వేశాడు. రోజూ ఇంటి గుమ్మంలో నిలబడి, "కొయ్యకాలు కావాలంటే చెప్పు బావా, చుట్టరికం కొద్దీ మంచి చెక్క చూస్తాను" అని నవ్వేవాడు. నిలబడి కోయలేనివాడికి కొట్టెందుకని నలుగురినీ పోగేసి, వానలు వెలిసేలోగా బావ లేవకపోతే కొట్టు తనదేనని ఒప్పించుకున్నాడు.

కోడలు ఆస్పత్రిలో ఇలాంటి కాళ్ళను నడిపించే పని చేస్తుంది. ఆమెతోనూ అతను ముభావమే. ఆమె ఆ గుడ్డ విప్పి, తల పట్టుకుంది. మంచం అంచున కూర్చోబెట్టి, చీలమండకు ఇసుక సంచి కట్టి, మోకాలు చాచమంది. మర్నాడు తొడ ఒకటే సలుపు. ఉన్న కాస్తా చెడగొట్టావని అతను విరుచుకుపడ్డాడు.

ఆమె నొచ్చుకోలేదు. "అరిగిన రంపం తనంతట తాను పళ్ళు మొలిపించుకుంటుందా మావయ్యా? కండ ఆ పని చేస్తుంది. బరువు లాగితే లోపలి కండ పోగుకు కబురు అందుతుంది. తిన్న తిండిలోంచి సరుకు తెచ్చుకుని లావెక్కుతుంది. పక్కనే నిద్రపోతున్న చిన్న కణాలు లేచి వచ్చి, ఆ పోగులో కలిసిపోతాయి."

"కొత్త పోగులు పుడతాయా?"

"ఉన్నవే బలుస్తాయి. పడుకోబెడితే చిక్కుతాయి, పని చెబితే పెరుగుతాయి."

గాలికి ఊగిన చెట్టు మాను లావెక్కుతుందని అతనికి తెలుసు. బతుకంతా కోసిన చెక్కతో గడిపినవాడికి, తన ఒళ్ళూ పచ్చిమానేనని ఇన్నాళ్ళూ తట్టలేదు.

ఒకరోజు బరువు లాగడం, ఒకరోజు ఊరుకోవడం. సంచిలో ఇసుక పెరుగుతూ వచ్చింది. మొదట్లో రెండు చేతులతో తొడను చుడితే వేళ్ళు కలిసేవి. ఒక పొద్దున కలవలేదు. మళ్ళీ చుట్టి చూశాడు. కలవలేదు. ఎవరూ చెక్కలేదు, ఎవరూ అతకలేదు. తను గురకపెడుతుండగా, మెప్పు అడగకుండా, కూలి అడగకుండా, లోపల పని జరిగిపోయింది. అంత నమ్మకంగా పనిచేసే మనిషిని అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

వానలు వెలిశాయి. బావమరిది నలుగురినీ వెంటబెట్టుకుని కొట్లోకి వచ్చాడు. వడ్రంగి మందపాటి పలకను బల్ల మీదికెత్తి, విరిగి అతుక్కున్న కాలి మోకాలే దానిమీద ఆన్చి, రంపం లాగాడు. సగం కోతకు తొడ వణికింది. వణుకుతూనే నిలిచింది. రెండో సగం కూడా కోసి, పలక రెండు ముక్కలయ్యాకే రంపం దించాడు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు.

బావమరిది గొంతు సవరించుకుని, తనదంతా బావ మంచికోసమేనని మొదలుపెట్టాడు.

వడ్రంగి పీట మీద కూర్చుని, తొడ మీద అరచెయ్యి వేశాడు. వేడిగా ఉంది. చర్మం కింద సన్నగా అదురుతోంది. అతని మొహంలో పసివాణ్ణి నిద్రపుచ్చేవాడి జాగ్రత్త కనిపించింది.

"నీ సామాను సర్దుకో," అన్నాడు తలెత్తకుండా. "చప్పుడు చెయ్యకు."